ఏప్రిల్ దాకా కవరు తీయవద్దు

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు కాపురస్తుడు యోహాను గారి కుమారుడు, ప్రస్తుతం ఖతార్ దేశం మెసయీద్‌లో కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటున్న స్టోర్ కీపర్ గుర్రాల సువార్తరావు అను నేను, యాభై తొమ్మిదేళ్ళ వయసులో రాసుకున్న వీలునామా.

నా బుద్ధి నిలకడగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు మా స్టోరులో ఏ అరలో ఏ సైజు గాస్కెట్లు ఉన్నాయో అడగండి, చూడకుండా చెబుతాను. చెడిపోయింది కాలేయం ఒక్కటే, దానికి స్పేరు దొరకదన్నారు. ఎవరి బలవంతం గానీ ఆశ పెట్టడం గానీ లేకుండా ఇది రాస్తున్నాను. 2020 మే నెలలో కోపంలో ఒక వీలునామా రాశాను. అందులో నా ఒక్కగానొక్క కూతురు జెరూషా పేరు లేదు. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. దొరికితే చించి పారేయండి.

ఇందులోని సంగతులు జరిపించే బాధ్యత మా సంఘ పెద్ద విన్సెంట్ గారిది. ఆయన ప్రార్థన పొడుగు గానీ పని పక్కాగా చేస్తారు.

1. డిసెంబరు మూడో తేదీన నన్ను ఇంటికి పంపిస్తున్నారు. మళ్ళీ ఇక్కడికి రాను. పాలకొల్లులో నా భార్య సుసన్న సమాధి పక్కన నాకు చోటు ఉంది, అక్కడే పెట్టండి. చలువరాయి వద్దు. ఆమెకి లేనిది నాకెందుకు?

2. పాలకొల్లులోని ఇల్లు, కంపెనీ నుంచి నాకు రావలసినదంతా నా తదనంతరం జెరూషాకి సర్వహక్కులతో చెందాలి. దీని మీద ఎవరూ నోరెత్తనక్కరలేదు.

3. సుసన్న బైబిలు కూడా జెరూషాకే. కీర్తనల దగ్గర గుర్తుగా పెట్టిన ఇంజెక్షన్ చార్టు ముక్క తీయవద్దు. సుసన్న ఇక్కడి క్లినిక్‌లో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసింది. చేతికి ఏ కాగితం దొరికితే అదే గుర్తుగా పెట్టేది.

4. ఇక కారు. ఇద్దరే కూర్చునే ఎర్ర కారు, గుడ్డ టాపు వెనక్కి మడిచి తెరుచుకునే రకం. మా ప్లాంటులో ఇంజనీరుగా చేసిన కాలిన్స్ అనే ఇంగ్లండు దొరది. 2009 అక్టోబరులో ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ ఆ కారు నా పేరుకి మార్చి, తాళం చేతిలో పెట్టాడు. తీసుకున్న వస్తువుని తీసుకున్నట్టే తిరిగి ఇచ్చేవాడివి ఈ ప్లాంటులో నువ్వొక్కడివే అన్నాడు. నా ముప్పై ఏళ్ళ నౌకరీలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

తాళంతో పాటు ఒక కాగితం ఇచ్చాడు. తన చేతిరాతే. నవంబరు ఒకటి నుంచి మార్చి ఆఖరు దాకా కారు బయటికి తీయకూడదు. బ్యాటరీ వైరు విప్పాలి, చక్రాలు నేలకి తగలకుండా చెక్క దిమ్మెల మీద నిలపాలి, కవరు కప్పాలి, ఏప్రిల్ దాకా కవరు తీయకూడదు. వాళ్ళ దేశంలో చలికాలం మంచు పడుతుందిట. అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లుతారుట. ఆ ఉప్పు కారు అడుగుని తినేస్తుంది. అక్కడి చలికాలానికి చెల్లే కాగితం అది. దాన్ని నేను ఖతార్‌లో, సుసన్న ఉన్నన్నాళ్ళూ, పదకొండు చలికాలాలు అక్షరం తప్పకుండా పాటించాను.

ఈ దేశంలో టాపు తీసి తిరగగలిగేది ఆ ఐదు నెలలే. ఏప్రిల్ వస్తే దుమ్ము. మే వస్తే తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. నేను మాత్రం కాగితం ప్రకారం ఎండాకాలంలో కారు తీసేవాణ్ణి, టాపు బిగించి, ఏసీ పెట్టుకుని.

ప్రతి డిసెంబరులోనూ సుసన్న అడిగేది. "ఏవండీ, ఒక్క శుక్రవారం ఆ టాపు తీసి దోహాలో సముద్రం ఒడ్డుకి, కార్నిష్ దాకా తీసుకెళ్ళరూ? తలకి గాలి తగిలితే చాలు నాకు." నేను "ఏప్రిల్ రానీ" అనేవాణ్ణి. ఏప్రిల్ వచ్చాక ఆమె అడిగేది కాదు. ఆమెకి తెలుసు, అప్పటికి ఆ గాలి ఉండదని.

2019 నవంబరులో ఆమెకి జబ్బు ముదిరింది. డిసెంబరులో ఆసుపత్రి మంచం మీద ఇంకోసారి అడిగింది. ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున్నే వెళ్దాం, ఈసారి ఖాయం అన్నాను. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి చూపించాను. నవ్వింది. 2020 జనవరి పంతొమ్మిదిన పోయింది. కారు దిమ్మెల మీదే ఉంది.

5. ఆ ఏప్రిల్ ఒకటిన, పిచ్చి పట్టినవాడిలా, చెప్పిన తేదీకే కవరు తీశాను. నేను కారు మూసే ముందు మీటరు రీడింగు ఒక చీటీ మీద రాసి అద్దానికి తగిలిస్తాను. చీటీ మీద 61,204 ఉంది. మీటరు మీద 61,300 ఉంది. తొంభై ఆరు కిలోమీటర్లు ఎవరో తిరిగారు.

రెండో తాళం జెరూషా దగ్గర ఉంది. దోహా వెస్ట్ బేలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే పిల్ల. ఫోను చేశాను. తల్లి చావుబతుకుల్లో ఉంటే నీకు షికారు కావలసి వచ్చిందా అని అరిచాను. "తీసుకెళ్ళాను నాన్నా" అంది. ఎవరితో వెళ్ళావంటే చెప్పనంది. నా గడప తొక్కవద్దన్నాను. తొక్కలేదు. ఐదున్నరేళ్ళు క్రిస్మస్‌కి కేకు పంపింది, నేను ప్రతిసారీ సెక్యూరిటీ వాళ్ళకి ఇచ్చేశాను. చర్చిలో ఆ పిల్ల ఎడమవైపు కూర్చుంటే నేను కుడివైపు కూర్చున్నాను.

ఆ తర్వాత కారుని ఏటా తనిఖీకి తప్ప బయటికి తీయలేదు.

6. మల్లన్నకి నా టూల్ బాక్సు, నాలుగు దిమ్మెలు. మల్లన్నది నిర్మల్ దగ్గర పల్లె. మా కంపెనీ పికప్ నడుపుతాడు, బిర్కత్ అల్ అవామిర్‌లో కార్మికుల క్యాంపులో ఉంటాడు. ప్రతి నవంబరు ఒకటిన కారుని దిమ్మెల మీదికి ఎక్కించడానికి సాయం వచ్చేవాడు. మొదటి ఏడే అన్నాడు, "గీడ మంచు యాడ వడ్తది సార్? ఉప్పు ఎవలు జల్లుతరు?" కాగితంలో ఉంది, నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ దిమ్మెలు కొట్టి పొయ్యిలో పెట్టి మటన్ కాల్చుకోమను. బహుమతి పుచ్చుకునేవాడు సాక్షిగా సంతకం పెట్టకూడదట, అందుకే కింద అతని పేరు ఉండదు. అసలైన సాక్షి మాత్రం అతనే.

ఈ నెల ఒకటో తేదీ సంగతి. కవరు కప్పే ముందు, ఈ వీలునామా కోసం కారులో ఏమేం ఉన్నాయో జాబితా రాసుకుంటున్నాను. పక్క సీటు కింద, సీటు జరిగే పట్టాల సందులో చెయ్యి పెడితే ప్లాస్టిక్ పట్టీ తగిలింది. ఆసుపత్రిలో చేతికి కట్టే పట్టీ. పళ్ళతో కొరికి తెంపినట్టుంది. దాని మీద సుసన్న పేరు.

మల్లన్న దాన్ని చూసి చేతిలోకి తీసుకున్నాడు. నేను అడగకుండానే చెప్పాడు. 2019 డిసెంబరు ఇరవై, శుక్రవారం. ఆ రోజు సుసన్నని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. నాకు ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ డ్యూటీ, జెరూషాని తీసుకురమ్మన్నాను. ఇంటికి వచ్చాక జరిగింది మల్లన్న మాటల్లోనే రాస్తున్నాను.

"అమ్మనే అడిగింది సార్. కవర్ నేనే గుంజిన, దిమ్మెల మీదికెల్లి నేనే దించిన. శాలువ కప్పి కూసోవెట్టినం. చిన్న పోరి లెక్క నవ్వింది సార్ అమ్మ. మీరు వచ్చేటాల్లకు మల్ల అన్నీ ఎట్లున్నయో అట్లనే పెట్టినం. గీ రీడింగ్ సంగతి మాకెవ్వలకు యాదికి రాలే."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా అని గట్టిగా అడిగాను. అతను తల వంచుకుని చెప్పాడు. కారు దిగేటప్పుడు సుసన్న ఇద్దరి చేతా ఒట్టు పెట్టించుకుందట. కూతురితో అందట, "నాన్నకి చెప్పకే. నేను ఏప్రిల్ దాకా ఉంటాననుకుంటున్నారు. ఆ ఏప్రిల్ ఆయనకి ఉండనీ."

దేవా! ఆ పిల్ల నా తిట్లన్నీ తిని ఆ మాట కాపాడింది. ఒక్క ముక్క బయటపెడితే నా నోరు మూతపడేది. పెట్టలేదు.

7. మా బావమరిది దానియాల్‌కి కారు కవరు. ఇక్కడ పనిచేసిన రోజుల్లో పెళ్ళి ఫోటోలకని రెండుసార్లు కారు అడిగాడు, ఇవ్వలేదు. ఆ కోపంతో మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. మంచి దళసరి కవరు, అతని చేపల చెరువు దగ్గర మేత బస్తాల మీద కప్పుకోవచ్చు.

8. కాలిన్స్ దొర కాగితం ఎవరికీ రాయడం లేదు. తప్పు కాగితానిది కాదు. ఆ దొరకి ఒక్క ఈమెయిల్ పెడితే పోయేది. ఏం జవాబు వస్తుందో తెలుసు కనుకనే పెట్టలేదు. మూడో ఏటికే నాకు అర్థమైంది. అప్పటికి కాగితం నాకు అలవాటైపోయింది. స్టోరులో సీలు వేసిన వస్తువు అలమరలో ఉంటే నాకు నిద్ర పడుతుంది, బయటికి వెళితే పట్టదు. కారు మీద గీత పడుతుందని, ఇసుక చేరుతుందని, ఎండకి టాపు చిట్లుతుందని భయం. ఆ భయాన్ని కాగితం వెనక దాచుకున్నాను. నా భార్యకి పదకొండు చలికాలాలు బాకీ పడ్డాను. ఇది నేను ఒప్పుకుంటున్నాను. విన్సెంట్ గారు దీన్ని సంఘంలో చదవాలనుకుంటే చదవవచ్చు.

9. సదరు ఎర్ర కారు, రెండు తాళాలు, రిజిస్ట్రేషన్ తాలూకు ఇస్తిమారా కార్డుతో సహా నా కూతురు జెరూషాకి. షరతులు: నవంబరు నుంచి మార్చి దాకా దీనికి కవరు కప్పకూడదు. గీతలు పడితే పడనీ. అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకో తల్లీ, కానీ దాచుకోవడానికి కొనేవాడికి అమ్మకు.

వీలునామాలో రాసినవి మనిషి పోయాకే చెల్లుతాయిట. తక్కినవాటికి నాకు అభ్యంతరం లేదు. ఈ తొమ్మిదో నిబంధన మాత్రం ఆగకూడదు. ఆగడం వల్ల ఏమవుతుందో పైన రాశాను. అందుకని ఈ వీలునామా నకలు, నా దగ్గరి తాళం ఈ రోజే సుసన్నతో పనిచేసిన నర్సు స్వర్ణ చేత జెరూషాకి పంపిస్తున్నాను. మల్లన్న దిమ్మెలు తీసేశాడు, బ్యాటరీ బిగించాడు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నేను నడపలేను, కాళ్ళలో నీరు చేరింది. నువ్వు రాకపోయినా కారు నీదే. రావాలని అడిగే హక్కు నాకు లేదు, అయినా అడుగుతున్నాను. రా అమ్మా.

పైన రాసినదంతా చదువుకుని, నా ఇష్టప్రకారమే ఉందని తెలుసుకుని, ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

మెసయీద్, 11 నవంబరు 2025, మంగళవారం.

(సం.) గుర్రాల సువార్తరావు

సాక్షులు: 1. విన్సెంట్, సంఘ పెద్ద. 2. స్వర్ణ, నర్సు, సుసన్నతో కలిసి పనిచేసినది.

అనుబంధం. 15 నవంబరు 2025, శనివారం.

తొమ్మిదో నిబంధన అమలైపోయింది కనుక దాన్ని కొట్టేస్తున్నాను. జెరూషా వచ్చింది. మూడింటికని రాస్తే రెండున్నరకే వచ్చింది. టాపు మడవడం నాకంటే దానికే బాగా చేతనయింది. సుసన్న కూర్చున్న సీట్లో నన్ను కూర్చోబెట్టి, ఒళ్ళో శాలువ పెట్టింది.

క్షమించమని అడగడానికి రెండు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. హైవే ఎక్కాక అడిగితే గాలికి దానికి వినబడలేదు. ఫోనులో దాన్ని ఎంత గట్టిగా తిట్టానో అంత గట్టిగా అరవవలసి వచ్చింది. విని, ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు చూసి నడపవే అన్నాను. కార్నిష్ మీద పడవలు కనబడే చోట వేగం తగ్గించి, "అమ్మ ఇక్కడే శాలువ తీసేసింది నాన్నా" అంది. నేనూ తీసేశాను. మంచి గాలి. ఇంత మంచి గాలిని నేను ఆమెకి ఇవ్వలేదు. తిరిగి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటి దగ్గర దిగేముందు అలవాటు కొద్దీ రీడింగు చూశాను. వెళ్ళేటప్పటికీ వచ్చేటప్పటికీ తేడా తొంభై ఆరు. చీటీ రాయలేదు.

(సం.) గుర్రాల సువార్తరావు

సాక్షులు: విన్సెంట్, స్వర్ణ.