పురుగు పట్టిన తేనెపట్టు

చిన్నాయనకు,

పురుగు పట్టిన పాత తేనెపట్లు మా ల్యాబ్‌కు పంపమని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చిన్నమ్మ పురుగులన్నీ ఏరి కోళ్లకు వేసి, మైనం కడిగి బస్సులో పంపింది. ఫోన్ చేస్తే, "కాలేజీకి పురుగులు పంపుతరా బిడ్డా, మన ఇజ్జత్ ఏం గావాలె" అంటుంది.

నాకు కావాల్సింది ఆ పురుగులే. వాటికి జబ్బు ఎక్కించి, ఏ మందు ఇస్తే బతుకుతాయో చూడాలి. ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతారేంటి? ఈసారి కోళ్లను గంప కింద మూసైనా సరే, పురుగులతోనే పంపించు.

ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. వాటికి ఎక్కించేది నీ కాలి పుండులో దొరికిన బ్యాక్టీరియానే. దవాఖానాలో ఇచ్చిన మందులేవీ దానిమీద పనిచేయడం లేదు.

ఈ మాట చిన్నమ్మకు చెప్పు. ఒక్క పురుగును కూడా కోడికి వేయదు.

నీ అన్న బిడ్డ