గాట్లు లేని గోలీలు

మంగళవారం, రాత్రి

మా దవాఖాన మెడికల్ షాపులోకి మందుల మిషన్ వచ్చి వారమైంది. చీటీ స్కాన్ చేస్తే గోలీలు కవర్‌లో పడతాయి, అద్దం కిటికీలోంచి ఇచ్చేస్తాం. లైనే లేదు. షాపు ఫార్మసిస్టుగా దానికి ప్లాన్ గీసింది నేనే. ఇన్నేళ్లూ మందులిచ్చిన యాదగిరన్న పాత బల్ల అడ్డమని తీయించిందీ నేనే. ఆయన్ను స్టాకు గదిలోకి పంపారు.

ఇవాళ మిరుదొడ్డి ఊరి నుంచి వచ్చిన మల్లవ్వ గోలీల షీట్లు తిప్పి తిప్పి చూసింది.

"బిడ్డా, గాట్లేవి?"

"గాట్లేంది అవ్వా? అన్నీ కవర్ మీద రాసున్నయ్."

"అట్లనా," అని నవ్వి వెళ్లిపోయింది.

సాయంత్రం యాదగిరన్నను గాట్ల గురించి అడిగాను.

"సదువురానోళ్లకు షీటు అంచుకు కత్తెరతోని గాట్లు పెడుతుంటి మేడం. పొద్దటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు. గా బల్ల గందుకే. నన్నెవలడిగిన్రు?"

మల్లవ్వ షుగర్ గోలీ పొద్దున మాత్రమే వేసుకోవాలి. రాత్రి వేసుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. పైగా ఆ షీటుదీ, రాత్రి వేసుకునే బీపీ గోలీ షీటుదీ ఒకే రంగు.

ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. "గోలీలేస్కొని గిప్పుడే పండుకున్నది. ఏ గోలీలో నాకేమెరుక?"

"జల్ది లేపు అక్కా. చక్కెర నీళ్లు తాగియ్యి."

"అత్తా... ఓ అత్తా..."

అంతలో ఫోన్ కట్టయింది. అప్పటి నుంచి స్విచ్ఛాఫ్. ఆ ఊరి ఆశా వర్కర్‌కు చెబితే, పోయి చూస్తానంది. ఆమె నుంచీ ఇంకా కబురు లేదు.

ఈ వారంలో ఇంకెంతమంది అట్లా నవ్వి వెళ్లిపోయారో. మధ్యాహ్నమే డాక్టర్ సార్ మెచ్చుకున్నాడు: "నీ మిషన్ వచ్చినంక ఒక్కలు గూడ ఏం అడుగుతలేరమ్మా."