పెడల్ మీది పసుపు

చందూర్

చిన్నోడా, దేవన్నా,

దీపం పెట్టి వచ్చి రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీ భార్య నిరోష ఎత్తి, "మాట్లాడనంటుండు వదినె" అంటోంది. అందుకే ఈ కాగితం.

బోధన్ రోడ్డు మీద మన పాత పికప్ ఆగక చెరకు ట్రాక్టర్‌కు తగిలిన రోజే తాళంచెవి నా చేతిలో పెట్టి, భీమ్‌గల్‌లో అత్తగారింటికి వెళ్లిపోయావు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ట్రాక్టరాయన అన్న మాటే నీకు తగిలింది. "కుంటికాలు పెట్టుకొని నీకు బండెందుకు రా?" చిన్నప్పటి జ్వరానికి చిక్కిన కాలే నిన్ను మోసం చేసిందని నువ్వు నమ్మావు. నేనూ నమ్మాను. సాయన్న మెకానిక్‌తో బ్రేకు బాగుచేయించి బండి అమ్మేద్దాం. నీ ప్రాణం కంటే నాకేదీ ఎక్కువ కాదు.

నీ అక్క
గంగుబాయి

చందూర్

దేవన్నా,

మొన్న రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సాయన్న బ్రేకు పెడల్ మీద వేలు రాసి చూశాడు. "గిదేంది అక్కా?"

"శుక్రవారం పూజ పసుపు. తుడవొద్దని నేనే చెప్పిన."

"పసుపు గిన్ని దినాలు తడిగుంటదా? బ్రేక్ ఆయిల్ గిది. బ్రేకులకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌ల రబ్బర్లు పోయినయ్. పైల్వాన్ తొక్కినా బండి ఆగది."

ఆ తడి చూసి, పూజ పసుపు ఆరలేదని మనిద్దరం శుభమనుకున్నాం కదరా.

పాత సిలిండర్‌ను గుడ్డలో చుట్టుకొని నేనూ సాయన్నా నిజామాబాద్‌లో బండి సామాన్ల షాపుకు వెళ్లాం. మన మోడల్‌ది వెతకాలంటూ షాపాయన వేరేది ముందు పెట్టాడు. "జర పెద్ద సైజు. బోల్టులు సరిపోతయ్. పెడల్ గట్టిగుంటది, గంతే."

"అమ్మే బండే కదక్కా," అన్నాడు సాయన్న.

"నడిపేదెవరు తల్లీ?" అని అడిగాడు షాపాయన.

"మా తమ్ముడు," అన్నాను. అనుకోకుండానే వచ్చింది ఆ మాట. "కుడికాలుకు బలం తక్కువ. మెత్తగ తొక్కితే ఆగాలె."

"అయితే గిది వద్దు." నిచ్చెన ఎక్కి పైఅరలో వెతికి, మనదాని జోడు దించాడు. రెండింటి లోపలి బెజ్జాలు కొలిచి చూసి తెచ్చుకున్నాం.

బిగించాక బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీయడానికి సాయన్న బండి కిందికి దూరి, నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. "తొక్కు అక్కా... పట్టు... ఇడువు."

"ఇంకెన్నిసార్లురా?"

"రోజూ జపం చేస్తలేవా? గట్లనే."

మొదట పెడల్ నేల దాకా దిగింది. తొక్కగా తొక్కగా, మోకాలు నొప్పి పెట్టే నా కాలి కిందే గట్టిగా నిలబడింది. నీ కాలిది ఏ తప్పూ లేదు తమ్ముడూ.

ఈసారి పసుపు అద్దం మూలకు పెట్టాను. పెడల్ పొడిగా ఉండాలి, రోజూ చూసుకో. అక్కడి లింబాద్రి గుట్ట స్వామికి నా దండం కూడా పెట్టి, నిరోషను తీసుకొని బస్సెక్కు. బండి వాకిట్లో ఉంది. దాన్ని నడపడం నాకు రాదు. ఆపడం మాత్రం నేర్చుకున్నాను.

నీ కోసం చూస్తూ
అక్క