గొట్టం లేని పొయ్యి

13 జూలై 1985, మదనపల్లె

పుంగనూరులో పొగ తక్కువ పొయ్యిలు చూపించిన ఆఫీసరు పక్కనే సరోజ ఉన్నా నా ముఖమే చూసి మాట్లాడాడు. "వండేది నేను కాదు, నా భార్యను అడగండప్పా!" అని అందరి ముందూ కడిగేశాను. సరోజ, ఎక్కడికైనా ఎత్తుకుపోగలిగే ఇనప పొయ్యిని చూపి అదే కావాలంది. దానికి గొట్టం లేదు, పొగ పూర్తిగా పోదు. ఆమె దగ్గుకు గొట్టం పొయ్యే మేలని బస్సులో వాదించాను.

"గొట్టం పొయ్యి కదలదు. దాంతో పాటు నేనూ వంటింట్లోనే పాతుకోవాల్నా? ఇదైతే వాకిట్లో పెట్టుకోని, నలుగురితో మాట్లాడతా సంగటి చేస్తా."

"వానొస్తే?"

"వండేదాన్ని అడగమంటివే, ఆ ఉపన్యాసం యాడబోయె?"

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. బయట వాన. లోపల సరోజ దగ్గుతూనే ఉంది. సోమవారం ఆమె కోరిన పొయ్యే తేవాలి. నోరు మూసుకుని తేగలనా అన్నదే...