నోటితో పీల్చిన దారం

జూన్ 9, ఆదివారం

నా దస్తూరి బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటాయి. ఊళ్ళో ఐదో తరగతి దాకానే చదివాను. ఎవరైనా చూస్తే క్షమించాలి.

ఇక్కడ ఠాణే దగ్గర సాంచాలు, అంటే మరమగ్గాల పని, వదిలి ఏడాదైంది. ఇప్పుడు కోడలు కోమల్‌కి పూసలు గుచ్చి ఇస్తున్నాను. ఆమె హారాలు కట్టి అమ్ముతుంది. పాత దండలు తెంపి తీసిన క్రిస్టల్ పూసలు రేగిపండంత ఉంటాయి. చేత్తో సానబట్టినవి, ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు. కొంచెం పసుపు తిరిగాయి. ఒకదానికొకటి తగిలి పెచ్చులూడకుండా నడుమ కొత్త పూసలు వేయాలి. అవి జొన్నగింజంత. బాగా మెరుస్తాయి. నాకు పాతవే ఇష్టం.

పక్కింటి ఓదెమ్మ వచ్చి, ఏందే కోమల్, మామను గూడ పనోణ్ణి, కారీగర్‌ను చేసినవ్, ఇగ గాజులు గూడ తొడుగరాదు అని నవ్వింది. నేను ఇంకో పూస గుచ్చాను.

జూన్ 11

సూది నా కళ్ళకు ఆనదు. సాంచాల మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె కంట్లోకి దారాన్ని నోటితో పీల్చి లాగేవాళ్ళం. నలభై ఏళ్ళు అదే అలవాటు. ఈ రోజు పాత పూసను పెదవులకు ఆనించి, అవతలి రంధ్రం దగ్గర దారం కొస పెట్టి పీల్చాను. వచ్చేసింది.

మనవరాలు నవీన చూసింది. తొమ్మిదేళ్ళది. తాతా, గిది జాదూ, నాకు గూడ నేర్పు అంది. నేర్పాను. పది పూసలు పీల్చింది. చాలా రోజులకు నవ్వాను.

జూన్ 12

నవీన కొత్త పూసతో చేసింది. పీల్చగానే లోపలికి పోయింది. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళొచ్చాయి. తరవాత తగ్గింది. కడుపులకు పోయింది తాతా, అమ్మకు చెప్పకు, మల్ల పూసలు ముట్టనియ్యది అంది.

సరే అన్నాను.

చిన్నవి పీల్చొద్దని ముందే చెప్పలేదు.

జూన్ 15

దగ్గు పోలేదు.

జూన్ 16

జ్వరం. డాక్టర్ వానకాలం దగ్గే అని సిరప్ ఇచ్చాడు. కాదు, గీ సాంచల దుమ్మే పిల్లను తింటుంది అని కోమల్ నా కొడుకు సచిన్‌తో అంటోంది. గడప దగ్గరే నిలబడ్డాను. నవీన నా వైపు చూసింది. నేను బయటికి నడిచాను.

జూన్ 17, పొద్దున ఆరు

కాగితం మీద రాశాను. నవీన పూస పీల్చింది, ఛాతిలో ఉందేమో, నేర్పింది నేనే అని. సచిన్ నాగావ్‌కి పనికి పోతుంటే, అక్కడ ఎవరితోనైనా చదివించుకుంటాడని అంగీ జేబులో పెట్టాను. తీసి చూశాడు. వాడిది మరాఠీ బడి, తెలుగు అక్షరాలు రావు. నీ మోకాళ్ళ నూనె పేరే గదా బాపు, ఆజ్ టైమ్ లేదు, ఉద్యా, రేపు తెస్త అన్నాడు.

తలూపాను.

జూన్ 18

నవీన ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినిపిస్తోంది. సచిన్ నూనె తెచ్చాడు. ఏదో ఒకటి. తీసుకున్నాను.

జూన్ 19

కోమల్ అంగీ ఉతకబోయి జేబు చూసింది. ఆమెది సిరిసిల్ల, తెలుగు బడి. చదివి అంగీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పెళ్ళయి వచ్చిన పన్నెండేళ్ళలో నాకు ఎదురు నిలబడి మాట్లాడలేదు. ఈ రోజు మాట్లాడింది. ఏడు దినాలాయె మామా, పూస పీల్చనీకి నోరున్నది, చెప్పనీకి లేదా అంది.

నవీనను ఆటోలో ఠాణే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రేలో పూస కనబడిందట. నన్ను రావద్దన్నారు.

జూన్ 21

పూస తీశారట. లోపల చీము పట్టిందట. నవీన ఇంకా కళ్ళు తెరవలేదట.

నవీనా, ఇది నీకు రాస్తున్నాను. తప్పు నీది కాదు. మీ అమ్మతో చదివించుకో. జల్దీ జవాబియ్యి బిడ్డా.