సంకీర్తనకు పోయే పిల్ల

మంగంపేట,
24 మార్చి 2025

నా కడుపున పుట్టిన శౌరమ్మకు, మరియమాత చల్లని చూపు మీ ఇంటి మీద ఉండాలని కోరుకుంటూ మీ అమ్మ రాసేది.

అందరూ ఎట్లున్నారు? అల్లుడు క్రాంతి కుమార్‌కు నడుము నొప్పి తగ్గిందా? వాచ్‌మన్ పనిలో ఆ ఇనుప కుర్చీ మీద ఊరికే కూర్చోవద్దని, కింద దుప్పటైనా మడిచి వేసుకోమని నేను చెప్పానని చెప్పు. చిన్నోడికి దగ్గు పోయిందా? మీ అత్తమ్మ కంటి ఆపరేషన్ తర్వాత కంట్లో నీళ్లు పడనివ్వడం లేదు కదా? ఓర్వకల్లులో ఎండలు అప్పుడే ముదిరాయని విన్నప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. నువ్వు వేళకు తింటున్నావా? బండి వెనక కూర్చునేటప్పుడు కొంగు చక్రంలో పడకుండా దోపుకో. ఇక్కడ నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. ముగ్గురాయి గనుల దుమ్ముకు గొంతు గరగరమంటోంది, అది ఎప్పుడూ ఉండేదే. మహిమ ఒంటికి ఏమీ కాలేదు. రాయాల్సింది దాని ఒంటి గురించి కాదు.

ఫోనులో చెప్పలేకపోయాను. ఒక్క గది ఇల్లు, పిల్ల పక్కనే ఉంటుంది. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

చదువు కోసం నా దగ్గర వదిలిన నీ కూతురు మహిమ, తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుంచి శనివారం శనివారం రాజంపేటకు పోయి వస్తోంది. మొదటిసారి, "యాడికి పోతాండావు మే?" అని అడిగితే, "సంకీర్తనకు పోతాండా అవ్వా" అంది. నా గుండె నిండిపోయింది. గుడిలో ఫాదర్ ముందు మోకరించి తప్పులు చెప్పుకోవడాన్ని మనం పాపసంకీర్తనం అంటాం కదా, నాకు తెలిసిన సంకీర్తనం అదొక్కటే. మన ఊరి ఫాదర్‌కు చెప్పుకోవడానికి సిగ్గుపడి రాజంపేట గుడికి పోతోంది అనుకున్నాను. ఇంత పిల్లకు వారం వారం చెప్పుకునేన్ని పాపాలు ఏముంటాయా అని ఒక భయమూ పట్టుకుంది. కానీ అది అడగకూడని మాట. జపమాలకు వచ్చే ఆడవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

పోయిన వారం పూజ అయ్యాక మన జ్ఞానరాజు ఫాదర్‌కు కూడా చెప్పాను. ఆయన, "శనివారం రాజంపేట ఫాదరు ఆ గుడిలోనే ఉండడమ్మా, పల్లెలకు పూజకు పోతాడు. పాప ఒకటి చెప్పింటాది, నువ్వు ఒకటి అనుకోనుంటావు" అన్నాడు.

మొన్న శనివారం దాని వెనకే ఇంకో బస్సులో నేనూ పోయాను. పిల్ల ఆనవాళ్లు చెప్పి అక్కడా ఇక్కడా అడిగి అది పోయిన ఇల్లు పట్టుకున్నాను. మేడ మీద రేకుల షెడ్డు. లోపల పదిమంది పిల్లలు. టేపులో ఏడుకొండల దేవుని పాట వస్తోంది, దానికి నీ కూతురు కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఎగురుతోంది. ఎగురుతోంది అని రాశాను గానీ అది ఎగరడం కాదు. కన్ను, మెడ, వేలు అన్నీ ఒకే మాట మీద నడుస్తున్నాయి. అది అంత బాగా చేస్తుంటే నాకు ఇంకా భయమేసింది. శ్రీవాణి అని టీచరమ్మ, "లోపలికి రాండమ్మా. మీ మహిమకు తాళం చెప్పే పనే ల్యా" అంది. పిల్లను చెయ్యి పట్టుకుని గజ్జెలతోనే మెట్లు దింపాను.

బస్సులో నిలదీస్తే, "నేను అబద్ధం చెప్పలా అవ్వా. సంకీర్తనలకు ఆట నేర్పిస్తారు, అందుకే సంకీర్తన క్లాసు అంటారు. నువ్వే గుడిది అనుకుంటివి" అంది.

"నేను అనుకుంటాంటే నువ్వు చూస్తా ఊరకుంటివే?"

"ఊరంతా చెప్పుకోని మురుస్తాంటివి. ఇంగ యాడ చెప్పేది?" అని కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. నా చిన్నప్పుడు గుడిలో ఉపదేశి మాకు చెప్పిన మాట దానికి చెప్పాను. ఆడపిల్ల కాళ్లకు గజ్జెలు కట్టేది సైతాను, ఒక్కో గజ్జెకు నరకంలో ఒక్కో నిప్పురవ్వ ఉంటుందని. మళ్లీ కాలెత్తితే పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదం ముట్టుకోవద్దని కూడా అన్నాను. అది ఏడవలేదు. గజ్జెలు విప్పి నా చేతిలో పెట్టింది. సాయంత్రం ఫోనులో వీణ వింటూ చదువుకునేది, అదీ మానేసింది. నిన్న గుడిలో పాటకు నోరు కూడా విప్పలేదు. ఇల్లు శవం లేచిన ఇల్లులా ఉంది.

నీ బిడ్డ ఆత్మను నా చేతుల్లో పెట్టి పోయావు. రేపు దేవుని ముందు నిలబడితే ఆ పిల్లను ఏం చేశావని ఆయన నన్నే అడుగుతాడు. మాన్పించాలనే అనుకున్నాను. ఫాదర్‌నూ అడుగుతాను. నువ్వేమంటావో చెప్పు.

నీ అమ్మ,
జీవమ్మ


మంగంపేట,
28 ఏప్రిల్ 2025

అమ్మా శౌరమ్మా, చిన్నోడికి మళ్లీ జ్వరమని తెలిసి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇప్పుడెట్లుంది? ఏసయ్య లేచిన పాస్కా పండక్కి మీరు రాలేదు, వండింది పక్కింటికే పంపాను.

మహిమను ఆ క్లాసులో చేర్పించింది నువ్వేనని ఫోనులో చెప్పావు. "నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదుమా" అన్నావు. ఆ మాట నన్ను గుచ్చుకుంది. అయినా అది నిజమే, వద్దనే అనేదాన్ని.

పండగ ముందు వారం ఫాదర్ దగ్గరికి పోయి ఆట పాపమా అని అడిగాను.

"ఆట పాపం గాదమ్మా. సిగ్గిడిసి ఒకరి మనసు చెడగొట్టను ఆడితే పాపం. పాట వినేది వేరే, ఆ దేవునికి మొక్కేది వేరే. మొక్కేదే మనకు కూడదు. పాప మొక్కుతాందా?"

"నాకేం తెలుసు సామీ."

"అడగలేదా?"

"అడగలా. మరి వీణ? మాటల్లేకుండా ఉత్త వీణ వింటే?"

"మన గుడిలో హార్మోనియానికి మాత్రం మాటలొస్తాయా? అదేం పాపం జేసిందమ్మా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పిల్లను పిలిపించి ఆయనే అడిగాడు. క్లాసు మొదలుపెట్టే ముందు అందరూ విగ్రహానికి మొక్కుతారట. ఇది మొదటి రోజే, "మా ఇండ్లలో మొక్కరు టీచర్" అని చెప్పిందట. ఆ టీచరమ్మ, "సరే పాపా, నేలను తొక్కుతాం గదా, నేలకు దండం పెట్టు చాలు" అందట. ఇది నేలను తాకి, రొమ్ము మీద సిలువ గుర్తు వేసుకుని గజ్జెలు కట్టుకుంటుందట. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా పద్నాలుగేళ్ల పిల్ల తనకు తాను తేల్చుకుంది. ఫాదర్ దాని తల మీద చెయ్యి పెట్టి, "ఇంగ నేను చెప్పేదేం ల్యా. పో, ఆడుకో పాపా" అన్నాడు.

గండం గడిచిందనుకున్నాను. ఇంటికి వచ్చి గజ్జెలు తుడిచి దాని ముందు పెట్టాను. అది ముట్టుకోలేదు.

"వద్దులే అవ్వా."

"ఫాదరు పాపం గాదన్యాడు గదా మే."

"అన్యాడు. నీళ్లకు పోయినప్పుడు కొళాయి కాడ ఎవురూ ల్యాకుంటే ఆడి చూసినా. కాలు లేయలా. ఫాదరు మాట బుర్రలో ఉండాది అవ్వా. నీ మాట కాలిలో ఉండాది."

శౌరమ్మా, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఉపదేశి నాకు పెట్టిన భయాన్ని ఇన్నేళ్లు మోశాను. నీ పెళ్లిలో డప్పులకు అందరూ ఆడుతుంటే నేను గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. నీకు గుర్తుందో లేదో. ఆ భయాన్ని ఒక్క సాయంత్రంలో దాని కాళ్లకు కట్టేశాను. పాపమైతే ఫాదర్ తీసేసేవాడు. ఇది పాపం కాదట, కాబట్టి ఆయన చేతిలో లేదు. నాకు తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పాను, ఇప్పుడు తెలిసింది చెప్తే అది దానికి ఎక్కడం లేదు.

నా భయం పోయిందని నీకు రాస్తే అది అబద్ధం. గజ్జెలు తుడిచే ముందు కూడా సిలువ గుర్తు వేసుకున్నాను. అయినా నిన్న దానితో చెప్పాను, "నేనొస్తా మే. ముందర కూర్చుంటా. నువ్వు ఆడు, ఆడకపో. క్లాసు అయ్యేదాకా ఉండి చూసొద్దాం" అని. అది నా కాళ్ల వైపు చూసి, "ఆ మెట్లు నిట్టనిలువునా ఉంటాయి. నీ మోకాళ్లకు కాదవ్వా" అంది.

"నిమ్మళంగా ఎక్కుతా. నువ్వు చెయ్యి పట్టుకో" అన్నాను.

టీచరమ్మకు ఫోను చేసి చెప్పాను, రాండమ్మా అంది. మే మూడో తేదీ, శనివారం, పొద్దున తొమ్మిది గంటల బస్సుకు మేమిద్దరం పోతున్నాం.

నీ అమ్మ,
జీవమ్మ