కింది వాటా కంప్యూటరు కనిపించడం లేదు

సోమవారం పొద్దున

కింది వాటాలో ఉన్న అక్కగారికి, పై వాటాలో ఉన్న తోడికోడలు రాస్తున్నది.

మీరు నాతో మాట్లాడక ఇవాళ్టికి పదకొండు రోజులు. నేనూ మాట్లాడటం లేదు. కానీ పాఠాల సంగతి తేలాలి కదా! అంధ బాలికల బడిలో పరీక్షలు ఇంకా పద్దెనిమిది రోజులే. మీరు చదివి రికార్డు చేసిన నాలుగు సైన్సు పాఠాలు మీ కంప్యూటర్లోనే కూర్చున్నాయి. అయిదోది మీరింకా చదవాలి. వాటిలో దగ్గులు, కుర్చీ కిర్రులు, బావగారి తుమ్ములు కోసేసి బడికి పంపాల్సిన దాన్ని నేను.

ఇన్నాళ్ళూ పెన్‌డ్రైవ్ కిందికీ పైకీ తిరిగేది. దాంతోనే వైరస్ వచ్చి రెండు పాఠాలు పోయాయని మీరన్నారు. కంప్యూటరు ఏమడిగినా 'యస్' నొక్కేది మీ చెయ్యేనని నేనన్నాను. ఇక జన్మలో పెన్‌డ్రైవ్ ముట్టనని మీరు ఒట్టు పెట్టుకున్నారు. సరే. నెట్‌లో పంపించమందామంటే కోయని రికార్డింగు ఒక్కొక్కటీ ఏనుగంత, మన నెట్టు చీమంత.

ఒక దారి ఉంది. ఇంట్లో వైఫై డబ్బా ఒకటే కాబట్టి రెండు కంప్యూటర్లనీ దాని మీదే కలపొచ్చు. కానీ నిన్న చూస్తే మీ కంప్యూటరు నాకు కనిపించడం లేదు. మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, నెట్‌వర్క్ అన్నచోట 'డిస్కవరీ' ఆన్ చెయ్యండి. అప్పుడు మీ కంప్యూటరు నా కంప్యూటరుకి కనిపిస్తుంది. తర్వాత 'పాఠాలు' ఫోల్డరు మీద కుడివైపు బటన్ నొక్కి 'షేర్' అనండి.

ఇట్లు,
మాట్లాడకపోయినా పని ఆపని,
మీ చెల్లెలు

తా.క. ఈ ఉత్తరం బాల్కనీ లోంచి కూరల సంచీలో దించుతున్నాను. జవాబుతో పాటు సంచీ కూడా పంపండి. కూరలకి అదొక్కటే ఉంది.

సోమవారం సాయంత్రం

పై అంతస్తు ఇల్లాలికి, కింది అంతస్తు నుంచి.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. గంటన్నర పట్టింది. బస్టాండులో ఇరవై రెండేళ్ళు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో లోకానికి చెప్పినదాన్ని. నా గొంతు వినపడలేదన్న ప్రయాణికుడు లేడు. అలాంటిది నా కంప్యూటరు నీకు కనపడటం లేదంటే నేను నమ్మాలా?

మధ్యలో అది ఒక ప్రశ్న వేసింది. ఈ నెట్‌వర్కు పబ్లిక్కా, ప్రైవేటా అని. మనం మాట్లాడుకోవడం లేదన్న సంగతి వీధికెక్కడం నాకిష్టం లేదు. అందుకని ప్రైవేటు నొక్కాను. ఈసారి 'యస్' నొక్కలేదు, గమనించు.

ఇప్పుడు చూడు, కనపడాలి.

ఇట్లు,
అక్క

తా.క. సంచీ పంపుతున్నాను. అడుగున రెండు పచ్చిమిరపకాయలు మిగిలి ఉన్నాయి. వాటికి వేరే అర్థమేమైనా ఉందా?

మంగళవారం పొద్దున

అక్కగారికి నమస్కారం.

మిరపకాయలకి అర్థం లేదు, మరుపు మాత్రమే ఉంది.

శుభవార్త! కంప్యూటరు కనిపించింది. కానీ తెరిస్తే పాఠాలు లేవు. అన్నీ పళ్ళ ఫోటోలే. నూట నలభై దాకా ఉన్నాయి. పైవరస, కిందివరస, నోరు తెరిచి ఒకటి, పెదవి లాగి ఒకటి. మీకు ఇన్ని ఫోటోలు ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగే చనువు ప్రస్తుతం లేదు కాబట్టి అడగను. పాఠాలు ఏ ఫోల్డర్లో పెట్టారో అది మాత్రం చెప్పండి.

ఇట్లు,
చెల్లెలు

తా.క. ముందు వరసలో ఎడమవైపు రెండో పన్ను బాగా పుచ్చింది. అశ్రద్ధ చెయ్యకండి.

మంగళవారం మధ్యాహ్నం

ఏమమ్మా,

నా ముందు పన్ను కదులుతోందని, 'శ', 'స' అన్నచోటల్లా సన్నగా ఈల పడుతోందని నాకూ తెలుసు. నువ్వు వారానికి రెండుసార్లు నా ఈలలు కోస్తున్నావనీ తెలుసు. విసిగిపోతే ఆ మాట మొహాన అనొచ్చు. నూట నలభై ఫోటోలని, పెదవి లాగి తీశారని, ఇన్ని కథలు అల్లాలా? నా జన్మలో నేను పళ్ళు కనపడేలా ఫోటో దిగలేదు. నా పెళ్ళి ఫోటో చూడు, కావలిస్తే.

పాఠాలు 'పాఠాలు' అన్న ఫోల్డర్లోనే ఉన్నాయి. మరెక్కడుంటాయి?

ఇట్లు,
పళ్ళున్న మనిషి

తా.క. అద్దం ముందు టార్చి వేసుకుని చూసుకున్నాను. ఎడమవైపు రెండో పన్ను నిక్షేపంలా ఉంది. మీ బావగారు కూడా కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

బుధవారం పొద్దున

అక్కగారి పాదాలకు నమస్కరించి రాస్తున్నది.

తప్పు నాదే. రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాస్తున్నాను. నేను తెరిచింది మీ కంప్యూటరు కాదు. ఎదురింటి పళ్ళ డాక్టరుగారిది. వాళ్ళ వైఫైకి పాస్‌వర్డ్ లేదు. మేడ మీదికి మన డబ్బా కంటే వాళ్ళ డబ్బా గట్టిగా వస్తుంది. దాంతో నా కంప్యూటరు ఎప్పుడు వెళ్ళిందో ఏమో, వాళ్ళ పంచన చేరింది. వేరే వైఫై మీద కూర్చుని మీ కంప్యూటరు కనపడటం లేదని మిమ్మల్ని అన్నాను.

వెంటనే వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. "అయ్యో, మా పేషెంట్లవన్నీ బయటికి కనపడుతున్నాయా!" అని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్నాయన కూడా లేచారు. ఇద్దరి ఎదుటా పాస్‌వర్డ్ పెట్టించి వచ్చాను.

ఇప్పుడు నా కంప్యూటరుని మన డబ్బాకే కట్టేశాను. మీది కనిపించింది, ఈసారి నిజంగా! కానీ నొక్కితే పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది. మీరు అదే సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ అడగొద్దని పెట్టండి. అప్పుడు నన్ను గెస్టుగా లోపలికి రానిస్తుంది. పాఠాలు అందగానే ఆ సెట్టింగు మళ్ళీ మూసేద్దాం.

ఇట్లు,
తల దించుకున్న చెల్లెలు

తా.క. ఆ పుచ్చిన పన్ను ఎవరిదో డాక్టరుగారు చెప్పలేదు, చెప్పకూడదట. కానీ మన పాలాయన వారం నుంచి ఒక దవడతోనే మాట్లాడుతున్నాడు.

బుధవారం రాత్రి భోజనాలకు ముందు

చెల్లికి,

పళ్ళ సంగతి వదిలేశాను. నువ్వూ వదిలెయ్యి.

అసలు గొడవ ఇప్పుడొచ్చింది. గెస్టు అంటే చుట్టమే కదా? నువ్వీ ఇంటికి వచ్చి పందొమ్మిదేళ్ళు. నా కాన్పుకి ఆసుపత్రిలో నేల మీద పడుకున్నదానివి. మామగారు పోయినప్పుడు ఇల్లంతా కూలబడితే పొయ్యి వెలిగించినదానివి. నిన్ను చుట్టంలా రానిమ్మంటావా అని అదడిగితే, ఆ బటన్ మీదికి నా చెయ్యి పోలేదు. మనకి పడకపోవచ్చు. అది వేరు.

ఇంటి మనిషిగా రానిచ్చే బటన్ ఎక్కడైనా ఉందేమోనని రెండు గంటలు వెతికాను. లేదు. చివరికి మీ బావగారు, "పాఠాలు ముఖ్యం. ముందు చుట్టంగానైనా రానీవే" అన్నారు. కళ్ళు మూసుకుని నొక్కాను.

ఇట్లు,
అక్క

తా.క. కళ్ళు మూసుకుని నొక్కానన్నది నిజమే. ఏం నొక్కానో ఒకసారి చూసి చెప్పు.

గురువారం పొద్దున

అక్కా,

మీ ఉత్తరం చదివి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఆసుపత్రి సంగతి మీకు గుర్తుందనుకోలేదు.

తర్వాత లేచి వచ్చి ఉత్సాహంగా మీ ఫోల్డరు నొక్కాను. తెర మీద ఏం వచ్చిందో తెలుసా? 'ఇందులోకి రావడానికి మీకు అనుమతి లేదు. యజమానిని సంప్రదించండి.' అక్షరం పొల్లుపోకుండా ఇదే అర్థం. ఇది కంప్యూటరు రాసిందా, మీరు రాశారా?

కంప్యూటరే రాసి ఉంటే దానికి మందుంది. ఇంటి తలుపు తీశారు కానీ గది తలుపు తియ్యలేదు, అంతే. 'పాఠాలు' ఫోల్డరు మీద నొక్కి, ఎవరెవరు చూడొచ్చో ఉన్న జాబితాలో 'ఎవ్రీవన్' అని చేర్చండి. మీరే రాసి ఉంటే మాత్రం, మందు నాకు తెలియదు.

ఇట్లు,
గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు

తా.క. అయిదో పాఠం చదివేశారా? పరీక్షలకి పదిహేను రోజులే.

గురువారం సాయంత్రం

పిచ్చిదానా,

అది నేను రాయలేదు. నేను రాస్తే అంత మర్యాదగా ఉంటుందా?

ఎవ్రీవన్ అంటే అందరూ అని అర్థం చెప్పారు మీ బావగారు. అందరూ అంటే ఎవరెవరో నాకు తెలియాలి కదా. పాలాయనా? డాక్టరుగారా? ఆయన కుర్చీలో పడుకున్నాయనా? కానీ పాఠాలే కదా, ఎవరు విన్నా నాలుగు ముక్కలు నేర్చుకుంటారని చేర్చేశాను.

అయిదో పాఠం, రక్తప్రసరణ, ఇవాళ మధ్యాహ్నమే చదివేశాను. అది కూడా అందులోనే పెట్టాను. వెళ్ళి చూడు.

ఇట్లు,
అక్క

తా.క. సిర, కేశనాళిక, రెండూ ఈల లేకుండా వచ్చాయి. కాస్త మెచ్చుకో.

శుక్రవారం మధ్యాహ్నం

అక్కా! అక్కా!

వచ్చేశాయి! అయిదు పాఠాలూ వచ్చేశాయి! పెన్‌డ్రైవ్ లేదు, మెట్లు లేవు. అవి వస్తుంటే తెర ముందు నిలబడి చూశాను. మీ మరిది వచ్చి, "ఏమిటి, నిలబడి చూస్తున్నావు?" అంటే, "అక్క వస్తోంది" అన్నాను నోరు జారి.

నిన్న సాయంత్రం నుంచి కూర్చుని నాలుగూ కోశాను. అయిదోది ఇప్పుడే, కొంచెం హడావిడిగా, పూర్తి చేసి బడికి పంపేశాను. పిల్లలకి రెండు వారాలు చేతిలో ఉన్నాయి. నేనన్నట్టే పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టి, మీరు వెతికినట్టు ఇంటి మనిషిగా నాకు మీ కంప్యూటర్లో ఒక పేరు ఏర్పాటు చేద్దాం. ఆ పని ఉత్తరాల్లో కాదు.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. మొత్తం బావగారి తుమ్ములు పద్నాలుగు. సిర, కేశనాళిక అద్భుతం.

సోమవారం సాయంత్రం

నా చెల్లికి,

ఇవాళ బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. "రక్తప్రసరణ పాఠం గురించి మాట్లాడాలి" అంది. గుండెకి ఎన్ని గదులని చెప్పానో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

"పాఠం బాగానే ఉందమ్మా. పాఠం అయ్యాక ఉన్నదాని గురించి" అంది.

గురువారం మధ్యాహ్నం పాఠం అయిపోయాక నేను రికార్డింగు ఆపలేదు. ఆపకుండానే బిస్కెట్ల డబ్బాలో దాచిన నీ ఉత్తరాలన్నీ తీసి, మొదటి నుంచి మీ బావగారికి చదివి వినిపించాను. నీ ఉత్తరాలు నీ గొంతు అనుకరిస్తూ, నేనిచ్చిన జవాబులు గుర్తున్నంత వరకు నా గొంతుతో. పళ్ళు, పాలాయన, గెస్టు, అనుమతి లేదు, అన్నీ. ఆయన కుర్చీ మీద నుంచి పడబోయారు. ఆ ఇరవై ఆరు నిమిషాలూ పాఠానికి తోకలా అతుక్కుని ఉన్నాయి. నేను ఆపడం మరిచాను. నువ్వు హడావిడిలో తోక కోయడం మరిచావు. అది తిన్నగా బడికి వెళ్ళింది.

సిగ్గుతో చచ్చిపోయాను. "పిల్లల ఎదుట ఇంటి గొడవ పెట్టినందుకు క్షమించండి, ఇక నాతో పాఠాలు చదివించొద్దు" అన్నాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు అది నాలుగుసార్లు విన్నారట. పాఠం కూడా నాలుగుసార్లు విన్నారట, ఎందుకంటే అది దాటితే గానీ ఉత్తరాలు రావు. రక్తప్రసరణ మీద ఇవాళ ప్రశ్నలు అడిగితే తరగతి మొత్తానికి ఒక్క తప్పు లేదట. ఆపైన ఫోను ఒక అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా అడిగింది. "పెద్దమ్మా, ఎవ్రీవన్ పెట్టారా లేదా? చిన్నమ్మగారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారా? కలిసిందా, కలవలేదా?"

ఫైళ్ళ సంగతైతే వెంటనే చెప్పేదాన్ని. ఆ పిల్ల ఏది అడిగిందో తేల్చుకోలేక ఒక్క క్షణం ఆగాను. ఆగి, కలిసింది తల్లీ అన్నాను.

ఇప్పుడు వాళ్ళకి మిగతా ఉత్తరాలు కూడా కావాలట. కానీ నీ ఉత్తరాలు నేను చదవకూడదట. నీ గొంతు నేను పట్టలేకపోయానని, అది దొంగ గొంతని వెంటనే తెలిసిపోయిందని పిల్లలు తేల్చేశారు. అసలు చిన్నమ్మ గొంతు ఎలా ఉంటుందో వినాలంటున్నారు. అప్పుడు నాకు తట్టింది. ఆరేళ్ళుగా నా దగ్గులూ నా ఈలలూ కోస్తున్నావు. నీ గొంతు ఒక్క మాటైనా ఆ పిల్లల దాకా వెళ్ళలేదు.

రేపు పది గంటలకి కూర్చుందాం. మైకు ఒకటే ఉంది, కుర్చీలు దగ్గరగా వేసుకోవాలి. నువ్వు దగ్గితే నేను కోస్తాను, నేర్పు.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఈ ఉత్తరం సంచీలో పెట్టలేదు. నీ తలుపు సందులోంచి తోస్తున్నాను. ఇరవై రెండు మెట్లు ఎక్కాను, మోకాళ్ళు పోయాయి. ఇక్కడి దాకా చదివితే చాలు, తలుపు తియ్యి.